లాప్‌టాప్ ముందు అంచు మణికట్టును కోస్తోంది, అరగదీయొచ్చా?

ఎచ్చెర్ల_కోడర్
కొత్త లాప్‌టాప్ తీసుకున్నాను. అల్యూమినియం బాడీ, పల్చగా ఉంటుంది, బరువు తక్కువ. స్పీడుకి, బ్యాటరీకి, స్క్రీన్‌కి వంక పెట్టను. ఇబ్బందల్లా ముందు అంచుతోనే. టైప్ చేస్తున్నంతసేపూ రెండు మణికట్ల మీదా ఒత్తుకుంటోంది. సాయంత్రానికి ఎర్రగా గీత పడుతోంది. ఇంటి నుంచే పని కాబట్టి పొద్దున కూర్చుంటే రాత్రి కాల్స్ అయ్యేదాకా దాని ముందే ఉంటాను. ఇప్పుడు ఉక్కపోతకి చెమట పట్టి, గీత పడ్డచోట మంట కూడా మొదలైంది.

కొనేముందు చూసిన రివ్యూల్లో ప్రాసెసర్ గురించి అరగంట చెప్పారు, అంచు గురించి ఒక్క ముక్క లేదు. ఆకురాయితోనో శాండ్‌పేపర్‌తోనో ఆ అంచును కొంచెం అరగదీస్తే ఏమైనా అవుతుందా? మీలో ఎవరికైనా ఇలాగే ఉంటే ఏం చేశారు? కంపెనీ పేరు రాయడం లేదు. ఇది ఒక్క కంపెనీ జబ్బు కాదని నా అనుమానం.

ఏడురోడ్ల_కుర్రాడు
ఒక్క కంపెనీది కాదు గురూ. నాది వేరే కంపెనీ, అదే బాధ. ఏం చెప్తారో చూద్దామని కూర్చున్నా.

మూడులాంతర్లు
టేబుల్ ఎత్తెంత? కుర్చీ ఎలాంటిది? ముందు అది చెప్పు తమ్ముడూ, ఆకురాయి సంగతి తర్వాత.

ఎచ్చెర్ల_కోడర్
డైనింగ్ టేబుల్ అన్నా. 30 అంగుళాలు ఉంటుంది. మామూలు ప్లాస్టిక్ కుర్చీ.

మూడులాంతర్లు
అక్కడే ఉంది. డైనింగ్ టేబుల్ భోజనం కోసం చేసింది. టైపింగ్‌కి మనలాంటి ఎత్తువాళ్లకి 26, 27 అంగుళాలు చాలు. పైగా లాప్‌టాప్ మందం ఒకటి కలుస్తుంది. మోచెయ్యి బల్ల కన్నా కిందకి ఉంటే ముంజెయ్యి కింద నుంచి పైకి ఎక్కాలి, అలా ఎక్కేటప్పుడు చేతి బరువంతా ఆ ఒక్క గీత మీదే పడుతుంది. ఏ లాప్‌టాప్ పెట్టినా అంతే. కుర్చీ మీద దిండు వేసుకో, కాళ్లు అందకపోతే కింద పీట పెట్టుకో. రూపాయి ఖర్చు లేదు.

పలాస_లెక్కలు
మూడులాంతర్లు గారు చెప్పినదానికి సగమే ఒప్పుకుంటాను. నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. మా ఆఫీసులో బల్ల మారలేదు, కుర్చీ మారలేదు, కూర్చునే మనిషినీ నేనే. పాత ప్లాస్టిక్ లాప్‌టాప్ ఉన్నన్నాళ్లూ చేతికి ఏమీ తెలిసేది కాదు, ఎందుకంటే దాని ముందు అంచు గుండ్రంగా కిందకి వాలి ఉండేది. కొత్తది వచ్చిన వారంలోనే కుడిచెయ్యి నొప్పి. మరి మారింది అంచే కదా?

ఇంకోటి గమనించాను. నాది 15.6 అంగుళాలది, పక్కన నంబర్ ప్యాడ్ ఉంది. రోజంతా టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో అంకెలు కొట్టాలి. నంబర్ ప్యాడ్ కుడి చివర ఉంటుంది కాబట్టి నా అరచెయ్యి మొదలు సరిగ్గా కుడి మూల మీద ఆనుతుంది. ముందు అంచు, పక్క అంచు కలిసే ఆ మూల మొన తేలి ఉంది. అంచు అయితే గీతే పడుతుంది, మూల అయితే గుచ్చుతుంది. అంకెల పని చేసేవాళ్లు ముందు ఆ మూలని చూసి కొనాలి. నాకు ముందు ఎవరూ చెప్పలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఏడురోడ్ల_కుర్రాడు
లెక్కలు గారూ, సీజన్‌లో ఈ చర్చ పేరు చెప్పి మాకో కిలో గుండు పప్పు పంపించండి, అంచు బాధ మర్చిపోతాం.

పలాస_లెక్కలు
పలాస రండి బాబూ, స్టేషన్‌లో దిగగానే అంగళ్లే. ఇప్పుడు అంచు సంగతి చూడండి.

రాజాం_మెకానికల్
నేను ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ చెప్తాను. ఈ అంచులు ఇలా ఎందుకొచ్చాయో కాస్త చెప్తాను, తొందరలో ఉన్నవాళ్లు దాటేయండి.

మొదట్లో లాప్‌టాప్‌లకి అరచెయ్యి ఆన్చే చోటే ఉండేది కాదు. కీబోర్డు ముందుకి, మీ వైపుకి ఉండేది. 1991లో ఆపిల్ పవర్‌బుక్ వచ్చి కీబోర్డును స్క్రీన్ వైపుకి జరిపి, ముందు ఖాళీ చోటు వదిలి, మధ్యలో ట్రాక్‌బాల్ (వేలితో దొర్లిస్తే స్క్రీన్ మీద బాణం గుర్తు కదిలే బంతి) పెట్టింది. ఆ అమరిక అందరికీ నచ్చి అదే పద్ధతి అయింది. చేతులు ఆన్చుకోవడానికి చోటు దొరికింది, దాంతోపాటే చెయ్యి దాటాల్సిన అంచు ఒకటి వచ్చింది.

రెండో మలుపు 2008. ఆ ఏడాది ఆపిల్ మాక్‌బుక్, మాక్‌బుక్ ప్రోలని ఒకే అల్యూమినియం దిమ్మను మిల్లింగ్ చేసి, అంటే తిరిగే కోత పనిముట్టుతో చెక్కి, తీసిన బాడీతో తెచ్చింది. తర్వాత మిగతావాళ్లూ లోహం వైపు నడిచారు. లోహాన్ని మిల్లింగ్‌లో కోస్తే అంచు నిక్కచ్చిగా వస్తుంది. దాన్ని గుండ్రం చేయాలంటే దానికి వేరే కోత వేయాలి. అదీగాక పల్చగా కనిపించడమే అమ్మకం. అంచు గుండ్రంగా ఉంటే పక్క నుంచి చూసినప్పుడు మందంగా అనిపిస్తుంది, నిక్కచ్చిగా ఉంటే పల్చగా కనిపిస్తుంది. ఫొటోకి బాగుంటుంది, చేతికి కాదు.

ప్లాస్టిక్ వేరు. అచ్చులో పోసే ప్లాస్టిక్‌కి మూలలు గుండ్రంగా ఉంటేనే పదార్థం బాగా పారుతుంది, పగుళ్లు రావు. అందుకే తక్కువ ధర ప్లాస్టిక్ లాప్‌టాప్ చాలాసార్లు చేతికి సుఖంగా ఉంటుంది. అయితే పై మూత, కింది మూత కలిసే అతుకు సరిగ్గా అంచు మీదకి వస్తే మాత్రం ప్లాస్టిక్ కూడా గీరుతుంది.

ఇక అంచును ఏటవాలుగా కొట్టి మెరిపిస్తారు చూడండి, దాన్ని చాంఫర్ అంటాం. చూడ్డానికి మెత్తబడినట్టు ఉంటుంది కానీ ఒక మొనకి బదులు రెండు మొద్దు మొనలు వస్తాయి, అంతే. చేతికి కావలసింది పూర్తి గుండ్రం. ఒకే బరువు ఎక్కువ చోటు మీద పరుచుకుంటే ఒత్తిడి తగ్గుతుంది. ఇది ఇంటర్ ఫిజిక్సే.

మూడులాంతర్లు
మంచి వివరం మాస్టారూ. కానీ బరువే పడకపోతే మొన ఎలా ఉన్నా ఒకటే కదా? నేను చెప్పేది ఆ బరువు గురించే.

రాజాం_మెకానికల్
నిజమే. కానీ రోజంతా చేతులు గాల్లో పెట్టి టైప్ చేసేవాళ్లు ఎంతమంది? మనుషులు ఎలా వాడతారో చూసి వస్తువు చేయాలి. వస్తువుకి తగ్గట్టు మనిషి చేతులు ఎత్తి కూర్చోవాలనడం నాకు నచ్చదు.

విజీనగరం_టైపు_మాస్టారు
గాల్లో పెట్టి టైప్ చేసేవాళ్లు ఉండేవారండి. నేను చాలాకాలం టైప్ ఇన్‌స్టిట్యూట్ నడిపాను. లోయర్, హయ్యర్ పరీక్షలకి వచ్చే పిల్లలకి మొదటిరోజు చెప్పేది అదే. వీపు నిటారుగా, మోచేతులు ఒంటికి దగ్గరగా, మణికట్టు దేనికీ ఆనకూడదు. ఆన్చితే వేలికి బలం రాదు, అక్షరం మసకగా పడుతుంది. మిషనుకి చెయ్యి ఆన్చే చోటే లేదు కాబట్టి ఆ అలవాటు దానంతటదే వచ్చేది. మా బల్లలు కూడా మామూలు బల్లల కన్నా పొట్టిగా ఉండేవి.

ఇప్పటి కీలు మెత్తన, ఆన్చి కొట్టినా పడతాయి. అందుకే పిల్లలు ఆన్చేస్తున్నారు. కొట్టేటప్పుడు ఎత్తి, ఆలోచించేటప్పుడు ఆన్చుకోండి. అది చాలు.

నాగావళి_లక్ష్మి
మాస్టారి దగ్గర మా అక్క నేర్చుకునే ఉంటుంది, ఊళ్లో సగం మంది ఆయన శిష్యులే.

నా మాట వేరు. మీరంతా బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుతున్నారు. నా ఉద్యోగం ఊళ్లు తిరగడం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చాక ఉద్దానంలో పడిపోయిన కొబ్బరి, జీడి తోటల లెక్కలు రాశాం. కూర్చోవడానికి చోటు కూడా లేదు, చెట్లన్నీ అడ్డంగా పడి ఉన్నాయి. ఎడమ ముంజెయ్యి మీద లాప్‌టాప్ పెట్టుకుని కుడిచేత్తో కొట్టాలి. అప్పుడు బాధపెట్టేది పై అంచు కాదు, అడుగు అంచు. అది లోపలి చేతి మెత్తని చోట దిగబడుతుంది. వేళ్లతో పట్టుకున్నా అంతే, బరువంతా ఆ సన్నని అంచు ద్వారా వేళ్ల మీద.

ఇంకోటి. బల్ల మీద చదునుగా కూర్చున్న లాప్‌టాప్‌ని ఒక చేత్తో ఎత్తడానికి అడుగున వేలు దూరాలి. కొన్నింటికి అడుగు లోపలికి వాలి ఉంటుంది, వేలు సులువుగా పోతుంది. కొన్నింటికి నిలువు గోడే, గోరు విరుగుతుంది. మూత తెరవడానికి ముందు గాడి లేకపోయినా ఇదే గొడవ. చేతికి తడి ఉన్నప్పుడు జారిపోయే మూతతో కుస్తీ పట్టాలి. ఇవన్నీ అంచు సంగతులే, మణికట్టు ఒక్కటే కాదు.

ఆమదాలవలస_లోకల్
లక్ష్మి గారూ కరెక్టుగా చెప్పారు. నేను రైల్లో విశాఖ వెళ్లొస్తాను, ఒళ్లో పెట్టుకుని పని. ఒళ్లో బల్ల ఎత్తు సరిచేసుకునేది ఏటుంది చెప్పండి? అడుగు అంచు తొడల మీద, పై అంచు చేతుల మీద. సీటు దొరికిన రోజు సంగతి ఇది. మూడులాంతర్లు అన్నా, రైల్లో పీట వేయమంటారా?

మూడులాంతర్లు
రైల్లో పని చేయొద్దంటాను. కిటికీలోంచి చూసుకుంటూ వెళ్లు.

ఆమదాలవలస_లోకల్
ఆ మాట మా మేనేజర్‌కి చెప్పండి అన్నా, నంబర్ ఇస్తాను.

విజీనగరం_ఫిజియో
నేను ఫిజియోథెరపిస్ట్‌ని. ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయి, విడదీస్తాను.

చర్మం మీద గీత పడి, చేతులు తీసిన కాసేపటికి పోతే అది చర్మం మీది ఒత్తిడి. చిరాకే కానీ ప్రమాదం కాదు. తిమ్మిరి, జలదరింపు వస్తే మాత్రం నరం సంగతి. ఏ వేళ్లకి వస్తోందో చూసుకోండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేలులో సగం అయితే మీడియన్ నరం. అది మణికట్టు మధ్యలో ఇరుకు సొరంగంలాంటి దారిలో వెళ్తుంది, అక్కడ నొక్కుకుంటే కార్పల్ టన్నెల్ అంటాం. చిటికెనవేలు, ఉంగరంవేలులో మిగతా సగం అయితే అల్నార్ నరం. ఇది మణికట్టులో చిటికెనవేలి వైపు, మోచేతి వెనక, రెండుచోట్లా చర్మానికి దగ్గరగా ఉంటుంది. లాప్‌టాప్ అంచు మీద చెయ్యి బయటి వైపు ఆన్చేవాళ్లకి, గట్టి బల్ల మీద మోచేతులు మోపేవాళ్లకి ఈ రెండోది వస్తుంటుంది.

పలాస లెక్కలు గారూ, మీకు నొప్పి ఒక్కటేనా, తిమ్మిరి ఉందా? రాత్రిపూట తిమ్మిరితో మెలకువ వస్తోందా? చేతిలో వస్తువు జారిపోతోందా? ఉంటే అంచు మార్చి ఊరుకోకండి, డాక్టర్‌కి చూపించండి. నరాల పరీక్ష చేస్తే తెలిసిపోతుంది. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకి, గర్భిణులకి కార్పల్ టన్నెల్ వచ్చే అవకాశం ఎక్కువ. నేరం మొత్తం లాప్‌టాప్ మీద వేసేసి షుగర్ చూపించుకోకుండా ఉండేవాళ్లని చూశాను, అందుకే ఇంత చెప్తున్నాను.

మణికట్టు పైకి విరిచి ఉంచడం కూడా అంచంత చెడ్డది. వెనక ఎత్తుగా ఉండే స్టాండ్ మీద లాప్‌టాప్ పెట్టి అదే కీబోర్డు మీద కొట్టేవాళ్లు ఆలోచించండి. మెడకి మంచిది, మణికట్టుకి కాదు.

పలాస_లెక్కలు
తిమ్మిరి లేదండి, నొప్పే. రాత్రి నిద్ర బాగానే పడుతుంది. షుగర్ మాత్రం చూపించుకుంటాను, మా నాన్నకి ఉంది.

విజీనగరం_ఫిజియో
తప్పకుండా చూపించుకోండి.

టెక్కలి_పిల్ల
ఒక డౌట్. నా లాప్‌టాప్ అంచు మీద చెయ్యి ఆన్చితే జివ్వుమని సన్నగా పాకినట్టు ఉంటుంది. చార్జింగ్ పెట్టినప్పుడే. ఇదీ నరమేనా? భయంగా ఉంది.

బొబ్బిలి_కరెంటు
అది నరం కాదమ్మా, ఎర్త్. నేను ఎలక్ట్రీషియన్‌ని.

చార్జర్ లోపల కరెంటు వైపుకి, లాప్‌టాప్ వైపుకి మధ్య చిన్న కెపాసిటర్ ఉంటుంది, రేడియో గోల తగ్గించడానికి. దాని ద్వారా చాలా సన్నని కరెంటు లోహపు బాడీలోకి వస్తుంది. మూడు పిన్నుల చార్జర్ అయితే అది ఎర్త్ లోకి పోవాలి. ఎర్త్ లేకపోతే మీ చేతి ద్వారా నేలకి పోతుంది. అరచెయ్యి మొత్తం ఆన్చితే తెలియకపోవచ్చు, సన్నని అంచుకి చర్మం రాసుకుంటే బాగా తెలుస్తుంది. వట్టి కాళ్లతో సిమెంటు నేల మీద, చెమట చేత్తో ఇంకా ఎక్కువ.

మీ చార్జర్‌కి రెండు పిన్నులా, మూడా? మూడు అయితే మీ ఇంట్లో ఆ సాకెట్‌కి ఎర్త్ వైరు నిజంగా ఉందో లేదో చూపించండి. మన వైపు పాత ఇళ్లలో మూడు రంధ్రాలు ఉంటాయి, వెనక రెండు వైర్లే ఉంటాయి. ఎర్త్ గొయ్యి ఉన్నా వేసవిలో ఎండిపోయి పనిచేయదు, అప్పుడప్పుడూ నీళ్లు పోయాలి. రెండు పిన్నుల చార్జర్ అయితే మంచి సాకెట్‌లో కూడా కొద్దిగా జివ్వుమంటుంది, చార్జింగ్ తీసి వాడుకోండి. జివ్వుమనడం కాకుండా గట్టిగా కొడితే మాత్రం ఆ చార్జర్ పక్కన పడేయండి. డూప్లికేట్ చార్జర్లు అస్సలు వద్దు.

టెక్కలి_పిల్ల
మూడు పిన్నులే, కానీ మా వాళ్లు రెండు పిన్నుల కన్వర్టర్ పెట్టారు! ఇప్పుడే తీయిస్తాను. చాలా థాంక్స్ అన్నా.

సిక్కోలు_రిపేర్
అసలు ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. అరగదీయొచ్చా? నా దగ్గరకి బాడీలు మార్చడానికి వస్తుంటాయి కాబట్టి చెప్తాను.

ముందు ఏ లోహమో తెలుసుకోవాలి. చాలా తేలికైన లాప్‌టాప్‌లు కొన్ని మెగ్నీషియం మిశ్రమంతో చేస్తారు. దాన్ని మాత్రం ముట్టుకోకండి. మెగ్నీషియం పొడి నిప్పు అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు, ఇంకా రేగుతుంది. అల్యూమినియం అయితే అరుగుతుంది, మాక్‌బుక్ ముందు అంచును అరగదీసుకునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. కానీ పైన ఉండే రంగు పొర చాలా పల్చన. అది పోతే తెల్లగా మెరిసే గీత మిగులుతుంది. చెమట తగిలి ఆ చోటు నల్లబడొచ్చు, గుంటలు పడొచ్చు. వారంటీ గురించి వాళ్లు పేచీ పెడతారు.

అన్నిటికన్నా భయం పొడి. అల్యూమినియం పొడి కరెంటు పారిస్తుంది. స్పీకర్ రంధ్రాల్లోంచో, కీల సందుల్లోంచో, చార్జింగ్ పోర్టులోంచో లోపలికి పోతే బోర్డు పోతుంది. చేసి తీరాలంటే పూర్తిగా ఆఫ్ చేసి, పోర్టులు, కీబోర్డు, స్పీకర్ అన్నీ టేపుతో మూసి, ఆకురాయి కాకుండా 400 నంబర్ పేపర్‌తో రెండు రుద్దులు, తర్వాత 800తో నున్నగా, తడిగుడ్డతో తుడవడం. మొన విరిస్తే చాలు, గుండ్రం చేయాలని కూర్చోవద్దు. నేనైతే వారంటీ ఉండగా చేయను.

ఎచ్చెర్ల_కోడర్
వారంటీ ఇంకా ఉంది. ఇది చదివాక అరగదీసే ఆలోచన మానేశాను. అంచు మీద ఏదైనా మెత్తటి పట్టీ అంటిస్తే?

ఏడురోడ్ల_కుర్రాడు
క్రికెట్ బ్యాట్ గ్రిప్ ముక్క కోసి అంటించాను నేను. బాగుంది.

సిక్కోలు_రిపేర్
ఏడురోడ్లూ, అది తీసి మూత మూస్తున్నావా, అలాగే మూసేస్తున్నావా? మూతకి, కింది భాగానికి మధ్య ఖాళీ దాదాపు ఉండదు. మధ్యలో గ్రిప్ ముక్క ఉంటే ఒత్తిడి స్క్రీన్ గాజు మీద పడుతుంది. కెమెరా మీద అంటించే చిన్న మూత కూడా 0.1 మిల్లీమీటర్ కన్నా మందం ఉండకూడదని ఆపిల్ 2020లో చెప్పింది, మూస్తే స్క్రీన్ పాడవుతుందని. నీ బ్యాట్ గ్రిప్ మందం ఎంత?

ఏడురోడ్ల_కుర్రాడు
ఇప్పుడే పీకేశా!

సిక్కోలు_రిపేర్
బతికావు. ఎండలకి టేపు జిగురు కూడా కరిగి పాకుతుంది, తుడిచేటప్పుడు స్పిరిట్ గుడ్డకి పెట్టి తుడువు, మీద పోయకు.

గొల్లపల్లి_పనసకర్ర
నేను కంప్యూటర్ మనిషిని కాదు. మా ఇంట్లో బొబ్బిలి వీణలు చేస్తారు, మా అబ్బాయి లాప్‌టాప్ వాడతాడు. వాడి చేతికీ ఇదే గీత. వాడి కోసం చేసిన పని చెప్తాను, ఎవరికైనా పనికొస్తుందేమో.

వీణని పనస కర్రతో చేస్తాం, ఏకాండి వీణ అయితే మొత్తం ఒకే దుంగ. వాయించేవాళ్లు గంటలు గంటలు దానికి చెయ్యి ఆన్చి కూర్చుంటారు. అందుకే చెయ్యి తగిలే ఏ అంచునీ పదునుగా వదలం. ఉలి పని అయ్యాక ఆకురాయి, దాని తర్వాత గరుకు కాగితం, కళ్లు మూసుకుని వేలితో తడిమి చూస్తే అంచు ఎక్కడ మొదలైందో తెలియకూడదు. కళ్లకి తెలియని మొన వేలికి తెలుస్తుంది.

వాడి లాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టి ముందు ఎంత ఎత్తుందో కొలిచాను. అడుగు రబ్బరు కాళ్లతో కలిపి సరిగ్గా అంతే ఎత్తు పనస చెక్క, లాప్‌టాప్ అంత పొడవు, రెండు అంగుళాల వెడల్పు కోశాను. మన వైపు ఉండే అంచుని పూర్తిగా గుండ్రం చేశాను. అది లాప్‌టాప్ ముందు ఆనించి పెడితే చెయ్యి ముందు చెక్క మీదకి ఎక్కి, అక్కడి నుంచి లాప్‌టాప్ మీదకి సమంగా పోతుంది. ఇనప అంచు చేతికి తగలదు. లాప్‌టాప్‌కి ఏమీ అంటించలేదు, కోయలేదు. మూత మూసుకోవచ్చు.

రాజాం_మెకానికల్
అయ్యా, ఈ చర్చలో అన్నిటికన్నా మంచి మాట ఇది. చెయ్యి దిగే మెట్టునే తీసేశారు. మెట్టు లేకపోతే మొన ఎంత ఉన్నా తగలదు. అరగదీయడం, అంటించడం కన్నా ఇదే సరైన దారి.

మూడులాంతర్లు
నేనూ ఒప్పుకుంటున్నాను. బల్ల పొట్టిగా ఉంటే ఇంకా బాగా పనిచేస్తుంది, అది మాత్రం వదలను.

నాగావళి_లక్ష్మి
చెక్క ఇంట్లో బాగుంటుంది. పొలంలో మోసుకెళ్లలేం.

గొల్లపల్లి_పనసకర్ర
నిజమేనమ్మా. చేతి మీద పెట్టుకునేవాళ్లకి నా దగ్గర ఉపాయం లేదు.

ఆమదాలవలస_లోకల్
లక్ష్మి గారూ, నేను ముంజేతికి మందపాటి పొందూరు నూలు గుడ్డ చుట్టుకుంటాను. చెమట పీల్చుకుంటుంది, అంచు దిగదు. రైల్లో ఎవరైనా అడిగితే దెబ్బ తగిలిందనుకుంటారు, సీటు కూడా ఇస్తారు.

నాగావళి_లక్ష్మి
ఇది బాగుంది. రేపే చూస్తాను. సీటు కోసం కాదు!

విజీనగరం_ఫిజియో
పనసకర్ర గారి చెక్క నాకూ నచ్చింది. ఒక్క జాగ్రత్త. టైప్ చేస్తున్నంతసేపూ మణికట్టును చెక్క మీద నొక్కి ఉంచకండి. ఆన్చాల్సివస్తే అరచేతి కండ ఉన్నచోటు ఆన్చండి, మణికట్టు మడత మీద కాదు. టైపు మాస్టారు చెప్పినట్టు కొట్టేటప్పుడు ఎత్తడం, ఆగినప్పుడు ఆన్చడం. గట్టి చెక్క మీద కూడా మణికట్టు మడతని గంటలు గంటలు మోపితే నరం నొక్కుకుంటుంది.

నరసన్నపేట_డిగ్రీ
వేరే కీబోర్డు కొనుక్కుంటే ఈ గొడవే ఉండదు కదా? ఇన్ని పోస్టులు దేనికి?

పలాస_లెక్కలు
ఇంట్లో బల్ల మీద అయితే అదీ మంచిదే, లాప్‌టాప్ ఎత్తు మీద పెట్టుకోవచ్చు కాబట్టి మెడకి ఇంకా మంచిది. కానీ అంత డబ్బు పెట్టి కొన్న వస్తువుని, దానికి ఉన్న కీబోర్డునే వాడలేకపోతే అది లోపమే. మాట్లాడుకోకపోతే వాళ్లు మారరు.

నరసన్నపేట_డిగ్రీ
సరే, అది ఒప్పుకుంటా. మరి నేను వచ్చే నెల కొనాలి. షాపులో ఏం చూడాలి? అన్నీ చేతికి బాగానే అనిపిస్తాయి అక్కడ.

సిక్కోలు_రిపేర్
షాపులో బాగా అనిపించడానికి కారణం ఉంది. నిలబడి చూసే ఎత్తులో పెడతారు. నిలబడితే చెయ్యి పై నుంచి కిందకి వస్తుంది, అంచు తగలదు. కుర్చీ అడిగి కూర్చో. వాళ్ల బిల్లు బల్ల మీద పెట్టించుకుని నీకు తోచింది ఒక పేరా టైప్ చెయ్. చేతులు తీసి మణికట్టు చూసుకో. గీత కనిపిస్తే ఆ లాప్‌టాప్ నీది కాదు.

తర్వాత ఒక చేత్తో ఎత్తి చూడు, వేలు అడుగున దూరుతుందో లేదో. ఒక వేలితో మూత తెరిచి చూడు. అతుకు ఎక్కడుందో గోరుతో గీరి చూడు.

రాజాం_మెకానికల్
ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు పక్క నుంచి తీసిన ఫొటో చూడండి. ముందు వైపు పల్చబడుతూ కిందకి వాలిందా, నిలువుగా తెగిపోయిందా తెలుస్తుంది. పక్క అంచులు నిలువుగా ఉండడానికి మాత్రం కారణం ఉంది. మామూలు యూఎస్‌బీ ప్లగ్గే నాలుగున్నర మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది, దాని పోర్టుకి గోడ పైన కింద ఇంకొంచెం ఎక్కువ ఉండాలి. టైప్ సీ ప్లగ్ అయితే దాదాపు రెండున్నరే. అన్ని పోర్టులూ కావాలంటే పక్కలు నిలువుగానే ఉంటాయి. కానీ ముందు వైపు పెద్ద పోర్టులేవీ పెట్టరు కదా, అక్కడ గుండ్రం చేయకపోవడానికి సాకు లేదు.

ఎచ్చెర్ల_కోడర్
కుర్చీ మీద రెండు దిండ్లు, కాళ్ల కింద పీట పెట్టాను. సగానికి పైగా తేడా ఉంది, మూడులాంతర్లు అన్నకి థాంక్స్. మిగతా సగం అంచుదే, లెక్కలు గారి మాట కూడా నిజం. పనసకర్ర గారూ, మీ చెక్క లాంటిది నాకు కావాలి. బొబ్బిలి వచ్చి తీసుకుంటాను. నాది ముందు వైపు రబ్బరు కాళ్లతో కలిపి 14 మిల్లీమీటర్లు, పొడవు 31 సెంటీమీటర్లు.

పలాస_లెక్కలు
నాకూ ఒకటి. నాది 19 మిల్లీమీటర్లు, పొడవు 36 సెంటీమీటర్లు. కుడి మూల వైపు ఇంకో రెండు అంగుళాలు పొడుగు పెడితే నంబర్ ప్యాడ్ చెయ్యికి సరిపోతుంది.

గొల్లపల్లి_పనసకర్ర
వీణ ముక్కలు మిగిలినవి ఉన్నాయి, చేస్తాను. కొలత స్కేలుతో కాకుండా లాప్‌టాప్ పక్కన పెన్సిల్ గీత గీసిన అట్టముక్క తెచ్చుకోండి. ఒక మిల్లీమీటర్ ఎక్కువైనా చెక్క అంచే గుచ్చుతుంది. అడుగున జారకుండా పాత సైకిల్ ట్యూబు ముక్క అంటిస్తాను, దాని మందం కూడా చూసుకుని కోయాలి.